పులుపు నిలుస్తుంది, పరిమళం ఎగిరిపోతుంది: చలికాలపు వంటలో ఏది ఎప్పుడు వెయ్యాలి?

క్లుప్తంగా: నారింజ, నిమ్మ లాంటి పండ్లను దాల్చినచెక్క, లవంగం, అల్లం లాంటి దినుసులతో కలిపి వండినప్పుడు ఒకసారి అద్భుతంగా కుదురుతుంది, ఇంకోసారి చేదెక్కుతుంది. ఈ తేడాకు చాలావరకు కారణం ఏది ఎప్పుడు వేశామన్నదే. దినుసులకు నూనె, వేడి, ఓపిక కావాలి. పండు తొక్కలోని సుగంధం ఎక్కువసేపు వేడికి తట్టుకోదు. దినుసులు ఇచ్చే వెచ్చదనం నరాలకు తెలిసే అనుభూతి, దానివల్ల ఒంటి ఉష్ణోగ్రత దాదాపుగా మారదు. జలుబు రాకుండా విటమిన్ సి అడ్డుకుంటుందన్న నమ్మకానికి పరీక్షల్లో దొరికిన బలం తక్కువ. కొన్ని మందులు వాడేవారు మాత్రం కొన్ని పండ్ల విషయంలో నిజంగానే జాగ్రత్తపడాలి.

చలి ముదిరేకొద్దీ వేడివేడి సూపులు, సన్నని మంట మీద గంటల తరబడి ఉడికే కూరలు, మసాలా వేసిన పానీయాల మీదికి మనసు పోతుంది. వాటిలో నారింజ రసమో, నిమ్మ తొక్క తురుమో వేయడం ఇప్పుడు చాలామందికి అలవాటైంది. అయితే ఎలా వండాలో చెప్పే సలహాలు ఒకదానికొకటి పొసగవు. తొక్కను మొదట్లోనే వేసి మరిగించమని ఒకరంటారు, దించాక చల్లమని మరొకరంటారు. దాల్చినచెక్కను నూనెలో వేయించాలా, నీళ్లలో మరిగించాలా, పొడిగా కలపాలా అన్నదానికీ తలా ఒక మాట. ఎవరి మాట పట్టుకోవాలో తెలియక వండేవారికి టెన్షన్. నిజానికి ఈ సలహాల్లో చాలావాటికి కారణం ఉంది. ఏ పదార్థం వేడికి ఎలా స్పందిస్తుందో తెలిస్తే, ఏ సలహా ఏ వంటకు వర్తిస్తుందో ఇట్టే తేలిపోతుంది.

వెచ్చదనం ఎక్కడ పుడుతుంది?

వేడి సూప్ తాగితే ఒళ్లు వెచ్చబడినట్టు ఉండటం అందరికీ అనుభవమే. లెక్క వేస్తే మాత్రం ఆశ్చర్యం కలుగుతుంది. 60 డిగ్రీల వేడితో ఉన్న 300 మిల్లీలీటర్ల సూప్ కడుపులోకి వెళ్లి 37 డిగ్రీలకు చల్లారేసరికి శరీరానికి ఇచ్చే వేడి సుమారు 7 కిలో కేలరీలు. 60 కిలోల మనిషి ఒంటి వేడి ఒక్క డిగ్రీ పెరగాలంటే దాదాపు 50 కిలో కేలరీలు కావాలి. అంటే గిన్నెడు సూప్ తెచ్చే మార్పు 0.15 డిగ్రీ లోపే. ఊరికే కూర్చున్నా మన శరీరం ఐదారు నిమిషాల్లో అంత వేడిని తానే పుట్టించుకుంటుంది.

మరి ఆ హాయి ఎక్కడిది? గిన్నె పట్టుకున్న చేతులు, ఆవిరి తగిలిన ముఖం, నోరు, గొంతు: ఈ నాలుగుచోట్లా వేడిని గుర్తించే నరాల కొసలు దట్టంగా ఉంటాయి. మెదడుకు కబురు ముందుగా వెళ్లేది అక్కడి నుంచే. దినుసులు సరిగ్గా ఇక్కడే పనిచేస్తాయి. నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ద్వారం ఉంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది తెరుచుకుని, కాలుతోందన్న సంకేతం పంపుతుంది. మిరపలోని క్యాప్సైసిన్ తగిలినా అదే ద్వారం తెరుచుకుంటుందని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. 2021లో ఆయనకు, ఆర్డెమ్ పటపూటియన్‌కు కలిపి వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. మిరియాల్లోని పైపరీన్, అల్లంలోని జింజరాల్ కూడా ఈ ద్వారాన్నే తడతాయి. వేడి లేకుండానే వేడి తగిలిన కబురు మెదడుకు చేరుతుంది.

అన్ని దినుసులదీ ఒకే దారి అనుకోకూడదు. దాల్చినచెక్కకు ఆ చురుకునిచ్చే సిన్నమాల్డిహైడ్ ప్రధానంగా టీఆర్‌పీఏ1 అనే మరో ద్వారం మీద పనిచేస్తుంది. ఆవాల ఘాటు తెలిసేదీ దాని ద్వారానే. లవంగంలోని యూజినాల్ గోరువెచ్చదనాన్ని గుర్తించే ద్వారాలను కదిలిస్తూనే కాసేపటికి నాలుకను మొద్దుబారుస్తుంది. పంటినొప్పికి లవంగం పెట్టుకోవడంలోని కిటుకు అదే. మిరియం మంట, దాల్చిన చురుకు, లవంగం తిమ్మిరి నోట్లో వేర్వేరుగా తెలుస్తాయి కాబట్టే రెండు మూడు దినుసులు కలిసిన వంటకం ఒక్క దినుసు ఎక్కువగా వేసినదానికన్నా నిండుగా ఉంటుంది.

ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. ఘాటు తగిలినప్పుడు ఒంట్లో వేడి పెరిగిందనుకుని శరీరం దాన్ని బయటికి పంపే పని మొదలుపెడుతుంది. చర్మం దగ్గరి రక్తనాళాలు విప్పారుతాయి, నుదుట చెమట పడుతుంది. ఈ రెండూ ఒంటిని చల్లబరిచే పనులే. ఘాటైన సూప్ తాగాక బుగ్గలు వెచ్చగా ఉన్నాయి కదా అని స్వెటర్ తీసేసి చలిలోకి వెళ్లడం అందుకే మంచిది కాదు.

సుగంధం తొక్కలో, పులుపు రసంలో

నారింజ తొక్క ముక్కను దీపం మంట దగ్గర మధ్యకు విరిస్తే చిటపటమంటూ చిన్న మెరుపులు కనిపిస్తాయి. తొక్క మీది రంగు పొరలో సూదిమొనంత నూనె తిత్తులు ఉంటాయి. అవి చిట్లి ఎగజిమ్మిన నూనె మంటకు అంటుకుంటుంది. ఆ నూనెలో 90 శాతానికి పైగా లిమోనీన్. మిగతా కొద్దిపాటి పదార్థాలే నారింజకు నారింజ వాసనను, నిమ్మకు నిమ్మ వాసనను ఇస్తాయి. నిమ్మ విషయంలో ఆ పని చేసేది సిట్రాల్. రసంలో ఈ నూనెలు చాలా తక్కువ. అక్కడ ఉండేది పులుపు, తీపి, నీరు.

అయోమయమంతా ఇక్కడే మొదలవుతుంది. లిమోనీన్ విడిగా మరిగేది 176 డిగ్రీల దగ్గర. మరుగుతున్న నీరు 100 డిగ్రీలే కాబట్టి సుగంధం భద్రంగా ఉంటుందని అనిపిస్తుంది. కానీ నీటితో కలవని నూనెలు ఆవిరితో పాటు అంతకన్నా తక్కువ వేడిలోనే లేచిపోతాయి. అత్తరు తయారీలో పూల నుంచి సుగంధ తైలాలు తీసేదీ ఈ సూత్రం మీదే. వంటింట్లో మూత లేకుండా మరిగే గిన్నె కూడా అదే పని చేస్తుంది, కాకపోతే ఆవిరిని పట్టుకునేవారు ఉండరు. ఇల్లంతా నారింజ ఘుమఘుమలాడుతోందంటే ఆ సుగంధం గిన్నెలోంచి వెళ్లిపోతోందని అర్థం.

సిట్రిక్ ఆమ్లం సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. అది ఆవిరి కాదు. నీరు ఇగిరేకొద్దీ గిన్నెలో దాని గాఢత పెరుగుతుంది. కాబట్టి రసాన్ని ముందే పోసి అరగంట మరిగిస్తే చివరకు మిగిలేది వాసన తగ్గి పులుపు పెరిగిన ద్రవం. నిమ్మకు ఇంకో నష్టమూ ఉంది. సిట్రాల్ పులుపులో, వేడిలో నిలకడగా ఉండదు, విరిగి వేరే వాసనలుగా మారుతుంది. ఎక్కువసేపు కాగిన నిమ్మరసంలో తాజాదనం పోయి పాతబడ్డ వాసన రావడానికి అదొక కారణం.

మొదట్లో వేయడం ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. నారింజ రసాన్ని చిక్కబడేదాకా కాచినప్పుడు వచ్చే మార్మలేడ్ (తొక్కలతో చేసే నారింజ జామ్) లాంటి లోతైన రుచి తాజా రసంలో దొరకదు. క్యారెట్, చిలగడదుంప లాంటివి ఓవెన్‌లో కాల్చేటప్పుడు ఆ రుచే కావాలి. ముందు కొంత రసం వేసి కాచి, దించాక కొంచెం తొక్క తురుము చల్లితే రెండు రుచులూ ఒకే వంటకంలో ఉంటాయి. కేక్ లాంటి వాటిలో తురుమును ముందుగా చక్కెరలో వేసి వేళ్లతో నలపడం మంచి పద్ధతి. చక్కెర పలుకుల రాపిడికి నూనె తిత్తులు చిట్లుతాయి, బయటికొచ్చిన నూనెను ఆ పలుకులే పట్టుకుంటాయి. తర్వాత కలిసే వెన్నలో అది కరిగి ఉంటుంది కాబట్టి ఓవెన్‌లో పెట్టినా చాలావరకు మిగులుతుంది.

దినుసుల తీరు వేరు

ఘాటు దినుసుల్లోని ముఖ్య పదార్థాలు నూనెలో బాగా, నీటిలో అంతంతమాత్రంగా కరుగుతాయి. తాలింపు పెట్టడంలో ఉన్న లాభం ఇదే. కాగిన నూనె దినుసులోని సారాన్ని లాగి, వంటకం అంతటికీ సమంగా పంచుతుంది. పైగా వేడికి కొత్త వాసనలు కూడా పుడతాయి. పచ్చి జీలకర్రకు, వేగిన జీలకర్రకు మధ్య తేడా అదే. చెక్క, లవంగం, మిరియం అలాగే వేస్తే సారం మెల్లగా దిగుతుంది, గంటసేపు ఉడికే కూరకు అది సరిపోతుంది. పొడి చేస్తే గాలి తగిలే పైభాగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. సారం వెంటనే దిగుతుంది, అంతే త్వరగా ఎగిరిపోతుంది కూడా. వేడి నూనెలో పొడి మాడి చేదెక్కడానికి కొన్ని సెకన్లు చాలు. పొడి వేసిన వెంటనే ఉల్లిపాయ గుజ్జో, నీళ్లో, రసమో పోయడం అలవాటు చేసుకుంటే ఈ ప్రమాదం ఉండదు.

వేడి, సమయం కలిసి రుచిని ఎంత మారుస్తాయో అల్లంలో చూసినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. పచ్చి అల్లంలో ఉండేది జింజరాల్. దాని కారంలో నిమ్మ లాంటి తాజాదనం కలిసి ఉంటుంది. అల్లాన్ని ఎండబెడితే నీటి అణువు ఊడిపోయి జింజరాల్ కాస్తా షోగాల్ అవుతుంది. ఇది జింజరాల్ కన్నా ఎక్కువ ఘాటు, అందుకే శొంఠి చిటికెడు వేసినా గొంతు దాకా తెలుస్తుంది. అదే అల్లాన్ని ఉడికిస్తే కొంత జింజరాల్ విడిపోయి జింజరోన్‌గా మారుతుంది. దాని కారం తక్కువ, వాసనలో తీపి ఎక్కువ. ఒకే దుంప నుంచి మూడు రుచులన్నమాట. వంటకంలో శొంఠి బదులు అల్లం, అల్లం బదులు శొంఠి వేస్తే పరిమాణం సర్దినా రుచి కలవకపోవడానికి కారణం ఇదే.

మిరియం తీరు నారింజ, నిమ్మ పండ్ల లాంటిదే. దాని మంట పైపరీన్‌ది, అది ఎగిరిపోదు. దాని వాసన లిమోనీన్, పైనీన్ లాంటి తేలికైన నూనెలది, అవి ఉడుకులో నిలవవు. మొదట వేసిన మిరియాలు మంటను మిగుల్చుతాయి, చివర దంచి వేసినవి వాసనను ఇస్తాయి. యాలకులూ అంతే, దించే ముందు దంచి వేస్తేనే వాటి విలువ దక్కుతుంది. లవంగానికి ఈ జాగ్రత్త అక్కర్లేదు. దాని నూనెలో 70 నుంచి 90 శాతం యూజినాలే, అది బరువైనది, ఉడికినా గట్టిగా నిలుస్తుంది. నలుగురికి సరిపడే గిన్నెలో రెండు మూడు చాలు. ఆరేడు వేస్తే నాలుక మొద్దుబారి మిగతా రుచులేవీ తెలియవు.

నారింజ, నిమ్మలతో ఈ దినుసులు ఇంత బాగా కలవడానికి వాటి రసాయన బంధుత్వం కూడా ఒక కారణం కావచ్చు. తొక్క నూనెలోని లిమోనీన్ మిరియాల్లోనూ, యాలకుల్లోనూ ఉంది. ధనియాలకు వాసననిచ్చే లినలూల్ నారింజ నూనెలోనూ కొద్దిగా ఉంటుంది. ధనియాలను దోరగా వేయించి నలిపితే నారింజ తొక్క ఛాయ తగలడం యాదృచ్ఛికం కాదు.

ఒక గిన్నెలో చూస్తే

ఈ సూత్రాలన్నీ ఎర్ర మసూర్ పప్పు, క్యారెట్, నారింజ కలిపి చేసే సూప్‌లో ఒకేచోట కనిపిస్తాయి. నలుగురికి 200 గ్రాముల పప్పు, 300 గ్రాముల క్యారెట్, ఒక ఉల్లిపాయ, వేలంత అల్లం, అంగుళం దాల్చినచెక్క, చెంచాడు జీలకర్ర, లీటరు నీళ్లు, ఒక నారింజ కావాలి.

మొదట నారింజను గోరువెచ్చని నీటిలో రుద్ది కడగాలి. చాలా పండ్ల మీద నిల్వ కోసం మైనం పూస్తారు. తుడిచాక రంగు పొరను మాత్రం తురిమి ఒక పక్కన మూసిపెట్టాలి. కోసి రసం పిండాక తురమడం కష్టం కాబట్టి ఈ పని ముందే చేసుకోవాలి. రెండు చెంచాల నూనెలో దాల్చినచెక్క, జీలకర్ర వేసి, జీలకర్ర రంగు తిరిగేలోపు ఉల్లిపాయ వేయాలి. ఉల్లిపాయలోని నీరు నూనె వేడిని దించి దినుసులను మాడనివ్వదు. ఉల్లిపాయ మెత్తబడ్డాక సగం అల్లం, క్యారెట్ వేసి నాలుగైదు నిమిషాలు వేయించాలి. పుల్లని పదార్థం ఏదైనా ఈ దశలో వేస్తే ముక్కలు ఎర్రగా వేగవు, ఎందుకంటే పులుపు ఆ రంగునూ రుచినీ పుట్టించే చర్యను నెమ్మదింపజేస్తుంది.

తర్వాత పప్పు, నీళ్లు. సుమారు 20 నిమిషాలకు పప్పు మెత్తబడుతుంది. అప్పటిదాకా నారింజ రసం జోలికి పోకూడదు. పప్పు పూర్తిగా ఉడికాక చెక్క తీసేసి, గిన్నెలోది మెదిపి, మంట ఆర్పి, రసం కలపాలి. మిగిలిన అల్లం సన్నగా తురిమి వేయాలి. ఉప్పు చూడాల్సింది ఇప్పుడు, పులుపు కలిసిన తర్వాతే. పులుపు ఉప్పదనాన్ని ఎత్తి చూపుతుంది కాబట్టి ముందే చూసి వేస్తే ఎక్కువవుతుంది. గిన్నెల్లో వడ్డించాక దంచిన మిరియాలు, తొక్క తురుము పైన చల్లాలి. ఆవిరితో లేచే సుగంధం అప్పుడు తినేవారి ముక్కుకే అందుతుంది. ఆ తురుమునే వంట మొదట్లో నూనెలో వేసి చూస్తే, అరగంట తర్వాత నోటికి తగిలేది కాస్త చేదు మాత్రమే.

రుచి చూడటంలో ఇంకో మెలకువ ఉంది. తీపిని, చేదును మెదడుకు చేరవేయడంలో పాలుపంచుకునే టీఆర్‌పీఎం5 అనే ద్వారం 15 డిగ్రీల దగ్గర మందంగా, 35 డిగ్రీల దగ్గర చురుగ్గా ఉంటుంది. కాబట్టి ఏ వేడిలో తింటామో ఆ వేడిలోనే రుచి చూసి సరిచేసుకోవాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన సూప్‌ను చల్లగా రుచి చూసి తీపి సర్దితే, వేడి చేశాక లెక్క తప్పుతుంది.

చేదు ఎక్కడి నుంచి వస్తుంది?

చేదుకు మూలాలు రెండు. పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్‌లలో తొక్క కింది తెల్లటి పొరలోనూ, తొనల మీది పల్చటి పొరల్లోనూ నారింజిన్ అనే చేదు పదార్థం ముందే ఉంటుంది. కొరికిన వెంటనే తెలుస్తుంది. అది నీటిలో కరుగుతుంది కాబట్టి తొక్కలను రెండు మూడుసార్లు నీళ్లు మార్చి ఉడికిస్తే చాలావరకు దిగిపోతుంది.

రెండోది లిమోనిన్. దీని పేరు లిమోనీన్‌కు దగ్గరగా ఉన్నా గుణం పూర్తిగా వేరు. చేదు లేని రూపంలో ఇది గింజల్లో, పొరల్లో దాగి ఉంటుంది. పండును కోసి పిండితే ఆ పదార్థం రసంలోని పులుపుతో కలిసి, మెల్లగా చేదు లిమోనిన్‌గా మారుతుంది. వేడి చేస్తే ఆ మార్పు ఇంకా త్వరగా జరుగుతుంది. బత్తాయి రసం పిండిన వెంటనే తియ్యగా ఉండి, కాసేపటికి చేదెక్కేది అందుకే. పండును చక్రాలుగా కోసి, గింజలతో సహా గంటసేపు ఉడికే కూరలో వేస్తే ఆ చేదు గిన్నె అంతా పాకుతుంది. చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా నారింజ చక్రాలను మొదట్లో వేయడం చాలా వంటకాలకు చేటు. వేయాల్సి వస్తే గింజలు తీసేసి, పావుగంట తర్వాత చక్రాలను బయటికి తీయాలి.

ఇప్పటికే చేదెక్కిన గిన్నెకు చాలామంది చక్కెర జోడిస్తారు. అంతకన్నా ముందు చిటికెడు ఉప్పు వేసి చూడటం మేలు. ఉప్పులోని సోడియం నాలుక మీద చేదును అణచివేస్తుంది. ఆ చేదు కింద మరుగునపడిన తీపి దానంతటదే పైకి తేలుతుంది.

పులుపుకు గిట్టనివి

పాలు విరగడం అందరికీ తెలిసిందే. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ పీహెచ్ (పులుపును తెలిపే కొలత, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 దగ్గర గడ్డకడుతుంది. పాలు వేడిగా ఉంటే అంత పులుపు లేకుండానే విరుగుతాయి. నారింజ రసం కలిసే సూప్‌లో పాల బదులు వెన్నశాతం ఎక్కువున్న క్రీమ్ వాడి, మంట ఆర్పాక కలిపితే సాధారణంగా విరగదు. తొక్క తురుములో పులుపు దాదాపు ఉండదు కాబట్టి పాలతో చేసే తీపి వంటకాల్లో రసం మానేసి తురుము వాడటం తేలికైన దారి.

రాజ్మా, శనగల్లాంటివి ఉడకకముందు పులుపు తగిలితే గంటలు గడిచినా మెత్తబడవు. గింజ గోడల్లోని పెక్టిన్ లాంటి పదార్థాలు పుల్లని నీటిలో సరిగా కరగవు. కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచిన సాస్‌ను నిమ్మరసంతో పాటు మరిగిస్తే పిండిపదార్థం విరిగి పల్చబడుతుంది. ఆకుకూరలు పులుపులో ఉడికితే వాటి పచ్చదనంలోని మెగ్నీషియం ఊడి, రంగు పాచిరంగుకు మారుతుంది. పూత లేని అల్యూమినియం, రాగి, ఇనుప గిన్నెల్లో పులుపు ఎక్కువసేపు ఉడికితే లోహం రుచి దిగుతుంది. స్టీలు, ఎనామిల్, మట్టి పాత్రలకు ఆ బెడద లేదు. వీటన్నిటికీ మందు ఒకటే: పులుపు చివర.

పండ్లు చలికాలంలోనే ఎందుకు?

ఈ కలయిక చలికాలానికి అతుక్కుపోవడానికి ప్రకృతి కారణం కూడా ఉంది. భూమధ్యరేఖకు దూరంగా ఉన్న ప్రాంతాల్లో నారింజ జాతి పండ్లు చాలావరకు చలి మొదలయ్యాకే పక్వానికి వస్తాయి. ఇతర తాజా పండ్లు తగ్గే కాలంలో ఇవి చేతికందుతాయి. ఈ జాతి పుట్టిల్లు హిమాలయాల ఆగ్నేయ దిగువ ప్రాంతమని 2018లో వెలువడిన జన్యు అధ్యయనం తేల్చింది. మనం తినే రకాల్లో ఎక్కువ భాగం దబ్బ, పంపరపనస, కమలా జాతుల సంకరాలే. ఘాటు దినుసుల్లో చాలావరకు ఉష్ణమండల పంటలు. మిరియాలు మలబారు తీరానివి, దాల్చినచెక్క శ్రీలంకది, లవంగాలు, జాజికాయ ఇండోనేషియా దీవులవి. అవి ఎండిన సరుకులు కాబట్టి నెలల తరబడి ఓడల్లో ప్రయాణించి చలిదేశాల శీతాకాలపు వంటిళ్లకు చేరాయి.

పండు రంగును బట్టి పక్వాన్ని అంచనా వేయడం మాత్రం పొరపాటు. తొక్కలోని ఆకుపచ్చదనం పోవడానికి చల్లని రాత్రులు కావాలి. ఏడాదంతా వెచ్చగా ఉండే చోట్ల పండు లోపల పూర్తిగా పండినా తొక్క పచ్చగానే ఉండిపోతుంది. కోసిన తర్వాత ఈ పండ్లు మామిడి, అరటిలా మగ్గి తీపెక్కవు కూడా. పుల్లని పండును వారం రోజులు అట్టిపెట్టినా పెద్దగా లాభం ఉండదు. చేతికి బరువుగా తగిలేదే రసమున్న పండు.

జలుబు, విటమిన్ సి: ఎంతవరకు నిజం?

1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు స్కర్వీ (విటమిన్ సి లోపం వల్ల వచ్చే జబ్బు) ఉన్న 12 మంది నావికులను ఆరు జంటలుగా విడదీసి వేర్వేరు చికిత్సలు ఇచ్చాడు. నారింజ, నిమ్మ పండ్లు తిన్న ఇద్దరూ వేగంగా కోలుకున్నారు. తర్వాత ఆయన ఓడల్లో నిల్వకు పనికొస్తుందని ఆ రసాన్ని వేడి చేసి చిక్కబరిచే పద్ధతి సూచించాడు. అలా కాచిన రసంలో గుణం చాలావరకు పోయింది. వేడికి, గాలికి విటమిన్ సి ఎంత సులువుగా పాడవుతుందో చెప్పడానికి ఇంతకన్నా పాత ఉదాహరణ దొరకదేమో. రాగి తగిలితే ఆ నష్టం ఇంకా వేగంగా జరుగుతుంది. చివర్లో పిండిన రసం రుచికే కాదు, పోషకానికీ మేలన్నది ఇందువల్లే.

జలుబు మాటకొస్తే, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి విశ్లేషించే కాక్రేన్ సంస్థ 2013 నాటి సమీక్ష 11 వేలకు పైగా మంది పాల్గొన్న 29 పరీక్షలను కలిపి చూసింది. రోజూ విటమిన్ సి మాత్రలు వేసుకున్నా సాధారణ ప్రజల్లో జలుబు వచ్చే అవకాశం తగ్గలేదు. వచ్చిన జలుబు పెద్దల్లో 8 శాతం, పిల్లల్లో 14 శాతం త్వరగా తగ్గింది. జలుబు మొదలయ్యాక వేసుకుంటే నిలకడైన ఫలితం లేదు. మారథాన్ పరుగు, తీవ్రమైన చలిలో సైనిక శిక్షణ లాంటి కఠిన శ్రమలో ఉన్నవారికి మాత్రం ముప్పు సగానికి తగ్గింది. ఇవన్నీ మాత్రలతో చేసిన పరీక్షలు. సూప్‌లో పిండిన అరచెక్క నిమ్మకు ఇంత కూడా ఆపాదించకూడదు. అయితే పప్పులతో చేసే వంటకాల్లో దానికి వేరే నిజమైన ఉపయోగం ఉంది. శాకాహారంలోని ఇనుమును శరీరం బాగా పట్టుకోవడానికి విటమిన్ సి సాయపడుతుంది.

ముక్కు మూసుకుపోయినప్పుడు పుల్లటి, ఘాటైన వేడి సూపే ఎందుకు నచ్చుతుందన్నదానికీ వివరణ ఉంది. అప్పుడు వాసనలు అందవు. పులుపు, ఉప్పు నాలుకకు తెలుస్తాయి. మిరియం మంట వాసనతో పనిలేకుండా ముఖంలోని ట్రైజెమినల్ నరం ద్వారా తెలుస్తుంది. మిగతా వంటలన్నీ చప్పగా తోచినప్పుడు ఇదొక్కటే రుచిగా ఉంటుంది. 2008లో వేడి పండ్ల పానీయంతో జరిపిన ఒక అధ్యయనంలో, తాగినవారికి ముక్కు కారడం, దగ్గు, తుమ్ములు, గొంతునొప్పి వెంటనే నెమ్మదించినట్టు అనిపించింది. ముక్కులో గాలి ప్రవాహాన్ని యంత్రంతో కొలిస్తే మాత్రం మార్పు కనబడలేదు. ఉపశమనం నిజమైనదే, జబ్బును నయం చేయడం వేరు.

ఎవరు జాగ్రత్తపడాలి?

అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక గ్రేప్‌ఫ్రూట్‌ది. అందులోని ఫ్యూరనోకౌమరిన్‌లు అనే పదార్థాలు పేగుల్లో మందులను విరగ్గొట్టే సీవైపీ3ఏ4 అనే ఎంజైమును పనిచేయనివ్వవు. దాంతో సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మందులు, ఫెలోడిపిన్ లాంటి బీపీ మందులు రక్తంలో మోతాదుకు మించి చేరతాయి. ఒక్క గ్లాసు రసం ప్రభావమే 24 గంటలకు పైగా ఉండవచ్చు, కాబట్టి మాత్ర ఉదయం వేసుకుని పండు సాయంత్రం తిన్నంత మాత్రాన ప్రమాదం తప్పదు. పంపరపనస, మార్మలేడ్‌కు వాడే చేదు నారింజలోనూ ఈ గుణం ఉంది. మామూలు తీపి నారింజలతో ఈ సమస్య లేదు. రోజూ మందులు వాడేవారు డాక్టర్‌నో, ఫార్మసిస్టునో అడిగి తెలుసుకోవాలి.

దాల్చినచెక్కలో రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. మందంగా, ఒకే పొరతో గట్టిగా ఉండేది కాసియా. పల్చటి పొరలు చుట్టలా ఉండి చేత్తో విరిగేది సిలోన్ రకం. కాసియాలో కౌమరిన్ అనే సహజ పదార్థం ఎక్కువ. ఎక్కువ మోతాదులో అది కాలేయానికి హాని చేయగలదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ కిలో శరీర బరువుకు రోజుకు 0.1 మిల్లీగ్రాములను పరిమితిగా పెట్టింది. వారానికోసారి కూరలో వేసే ముక్కతో భయం లేదు. చెంచాల కొద్దీ పొడిని రోజూ పానీయాల్లో కలుపుకునేవారు సిలోన్ రకానికి మారడం మంచిది.

తేనె కలిపిన వేడి నిమ్మ పానీయాన్ని ఏడాది లోపు పిల్లలకు ఇవ్వకూడదు, తేనెలో ఉండగల బొటులిజం అనే తీవ్ర జబ్బును తెచ్చే బ్యాక్టీరియా బీజాలు వారికి ప్రమాదకరం. పెద్దల్లో చూసుకోవాల్సింది పళ్లు. పీహెచ్ 5.5 కన్నా దిగితే పంటి ఎనామిల్ మెత్తబడటం మొదలవుతుంది, నిమ్మరసం పీహెచ్ 2 చిల్లరే. అదే కప్పును సాయంత్రమంతా కొద్దికొద్దిగా చప్పరిస్తూ కూర్చుంటే పళ్లు అంతసేపూ పులుపులోనే నానుతాయి. వేడిగా ఉన్నప్పుడే తాగేసి, మంచినీళ్లతో పుక్కిలించి, బ్రష్ చేయడానికి కనీసం అరగంట ఆగాలి.